ఏడాదికోసారి ఇల్లంతా దులిపి కడిగే పనిని నాలుగు రోజుల్లో సక్రమంగా ముగించడమెలా?

ప్రశ్న: పాతమేడ

నమస్కారం. మాది రెండు అంతస్తుల పాత ఇల్లు. అత్తగారు, మామగారు, మేమిద్దరము, 12 ఏళ్ల అబ్బాయి, 7 ఏళ్ల అమ్మాయి, వెరసి ఆరుగురం ఉంటాము. రోజూ ఊడ్చి తుడుచుకోవడం ఎలాగో సాగిపోతూనే ఉంటుంది కాని, చలికాలం వెళ్లగానే అటకలు, అలమరలు, ఫ్యాన్లు, కిటికీ ఊచలు, పరుపులు, మంచాల కింది మూలలు అన్నీ ఒకసారి దులిపి కడుక్కోవాలన్న పట్టుదల నాకు మొదటినుంచీ ఉన్నది. ఆ పని మొదలుపెట్టిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ అలసిపోతున్నాము, పని మాత్రం సగంలోనే ఆగిపోతున్నది.

పోయినేడు ఒకే రోజున అన్ని గదుల సామానూ బయటికి తీశాము. సాయంత్రమయ్యేసరికి మంచాల మీద పుస్తకాల దొంతరలు, హాలు నిండా బట్టల మూటలు, మెట్ల మీద గిన్నెలు. మామగారి మందుల డబ్బా ఏ పెట్టెలోకి చేరిందో తెలియక రాత్రి పది గంటల దాకా వెతికాము. చివరికి అది దుప్పట్ల మూటలో దొరికింది. పిల్లలు ఆ రాత్రి వరండాలో పడుకున్నారు. అంతకంటే బాధ కలిగించిన విషయం, హాలు నేల రెండుసార్లు కడిగి ఆరబెట్టిన తరువాత మా వారు ఫ్యాను రెక్కలు తుడవడం. ఆ నల్లటి ధూళి ముద్దలు ముద్దలుగా కడిగిన నేల మీద పడితే మళ్లీ మొదటినుంచి కడగవలసి వచ్చింది.

ఈసారి మాకు వరుసగా రెండు వారాంతాలు, అంటే నాలుగు రోజులు దొరుకుతాయి. గది వెంట గది ముగించుకుంటూ పోవడం మంచిదా, లేక ఇల్లంతటా ఒకే రకం పనిని ఒక రోజున చేయడం మంచిదా? పిల్లలకు ఏ పనులు అప్పగించవచ్చు? మామగారి గదిలో నలభై ఏళ్ల నాటి కాగితాలు, పెట్టెలు ఉన్నాయి. వాటిని ముట్టుకుంటే ఆయన నొచ్చుకుంటారు, ముట్టుకోకపోతే ఆ గది శుభ్రపడదు. అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం: దక్షిణపు కిటికీ

మీ ఇబ్బందికి మూలం శ్రమ చాలకపోవడం కాదని నా అభిప్రాయం. ఏ వస్తువు ఉంచుకోవాలి, ఏది వదిలించుకోవాలి అని నిర్ణయించడం ఒక పని. దులపడం, తుడవడం, కడగడం వేరొక పని. ఈ రెండింటినీ ఒకే రోజున, ఒకే గదిలో, ఒకే మనిషి చేయబూనితే ఏదీ ముగియదు. అలమర తెరిచి ధూళి తుడవడానికి కూర్చున్న మనిషి చేతికి పాత ఫొటోల కవరు తగులుతుంది, గంట గడిచిపోతుంది, తడిగుడ్డ ఎండిపోతుంది. అందువల్ల మొదటి వారాంతం రాకముందే, రోజుకొక అరగంట చొప్పున సొరుగులు, అలమరలు వడపోసుకోండి. ఆ సమయంలో చీపురు, గుడ్డ దగ్గర ఉంచుకోకండి. పనికిరాని వస్తువులు ఇల్లు దాటిన తరువాతనే శుభ్రం చేయడం మొదలుపెట్టండి. ఉంచుకోని వస్తువును తుడిచి మళ్లీ సర్దడం కంటే దండగమారి పని ఇంకొకటి లేదు.

ఇక వరుస సంగతి. పైనుంచి కిందికి, పొడి పని తరువాత తడి పని, లోపలి మూలనుంచి గుమ్మం వైపుకు. ఈ మూడూ తప్పకపోతే చేసిన పని మళ్లీ చేయవలసిన అవసరం రాదు. పైకప్పు బూజు, ఫ్యాన్లు, ట్యూబులైట్లు, అలమరల నెత్తి, కిటికీలు, బల్లలు, చివరికి నేల. ఫ్యాను రెక్కకు పాత దిండు గలేబు తొడిగి, రెండు అరచేతులతో అదిమి పట్టుకుని మెల్లగా వెనక్కి లాగండి. ధూళి అంతా గలేబులోనే ఉండిపోతుంది, కిందికి పిడికెడు కూడా రాలదు. దానికి ముందు స్విచ్చి ఆపడమే కాక, ఎవరూ పొరపాటున వేయకుండా ఒకరిని అక్కడ నిలబెట్టండి. నిచ్చెన వేసేటప్పుడు కూడా కింద ఒక మనిషి ఉండాలి. కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కడం మాత్రం ఎంత తొందరలో ఉన్నా వద్దు.

గదుల వెంటా, పనుల వెంటా అని మీరు అడిగారు. నేను రెండింటినీ కలుపుతాను. బూజు దులపడం, ఫ్యాన్లు తుడవడం అనే రెండు పనులను ఇల్లంతటా ఒకే పూటలో, మేడపైనుంచి మొదలుపెట్టి కిందికి వస్తూ ముగిస్తాను. ఎందుకంటే తలకు గుడ్డ కట్టుకుని, ముఖానికి మాస్కు పెట్టుకుని, నిచ్చెన మోసుకుంటూ తిరగడం ఒక్కసారే జరగాలి. ఆ తరువాత మిగిలినదంతా గది వెంట గది. ఇక్కడ నేను గట్టిగా పాటించే నియమం ఒకటి ఉన్నది: ఉదయం ఖాళీ చేసిన పడకగదిలో ఆ రాత్రి పడుకోగలగాలి. కాబట్టి ఒక పూటకు ఒక గది, రోజుకు రెండుకు మించకూడదు. మందులు, కళ్లజోళ్లు, తాళాలు, ఫోను చార్జర్లు ఒక బుట్టలో వేసి, పని ముగిసేదాకా ఎవరూ కదపని చోట ముందుగానే పెట్టుకోండి. మీ మామగారి మందుల డబ్బా మళ్లీ మూటల్లోకి పోదు.

కర్టెన్లు, దుప్పట్లు అన్నిటికంటే ముందు యంత్రంలో వేయండి. మీరు గోడలు దులిపేలోపు అవి ఉతికి ఆరతాయి. కిటికీ అద్దాలు తుడిచాక తిరిగి కట్టుకోవచ్చు. అద్దాలను నేరుగా ఎండ పడుతున్న వేళ తుడవకూడదు. సబ్బునీరు తుడిచేలోపే ఆరిపోయి చారలు మిగులుతాయి.


సమాధానం: గాజుకుప్పె

పై సమాధానంలో చెప్పిన వరుసతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను రసాయనశాస్త్రం బోధిస్తాను కనుక, తడి పని గురించి మాత్రమే చెబుతాను. ఎక్కువ మంది తోమడానికి వెచ్చించే సమయంలో పెద్ద భాగం నిజానికి ఆగి వేచి ఉండవలసిన సమయం.

మురికి అంతా ఒకే జాతి కాదు. వంటింటి గోడల మీద, ఎగ్జాస్ట్ ఫ్యాను మీద పేరుకునే జిడ్డు క్షారానికి లొంగుతుంది. వేడినీళ్లలో సబ్బుపొడి, కొంచెం బట్టల సోడా కలిపి పూసి, పదిహేను నిమిషాలు వదిలేస్తే జిడ్డు తనంతట తాను వదులవుతుంది, గుడ్డతో లాగితే చాలు. అయితే అల్యూమినియం వస్తువులకు బట్టల సోడా తగలనివ్వకండి. క్షారం ఆ లోహాన్ని తినేసి నల్లగా చేస్తుంది. చాలా చిమ్నీల జాలీలు అల్యూమినియంవే కనుక వాటికి గిన్నెలు తోమే ద్రవం, వేడినీళ్లు సరిపోతాయి. కుళాయిల మీద, షవరు రంధ్రాల్లో తెల్లగా గడ్డకట్టే గార వేరు. అది ఎక్కువగా కాల్షియం కార్బొనేటు. సబ్బుతో ఎంత తోమినా పోదు, ఆమ్లానికి మాత్రం కరుగుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు గానీ, వెనిగర్ గానీ ఒక చిన్న ప్లాస్టిక్ సంచిలో పోసి, షవరు తలను అందులో మునిగేలా దారంతో కట్టి ఒక గంట ఉంచండి. విప్పేటప్పటికి రంధ్రాల చుట్టూ ఉన్న గట్టి పెచ్చు వేలితో రాస్తేనే రాలిపోతుంది. ఇదే వెనిగర్‌ను పాలరాతి మీద పోయకండి. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే, గారతో పాటు రాతి మెరుపూ కరిగిపోతుంది.

వంట సోడా, వెనిగర్ కలిపి పొంగించి తోమితే మురికి బాగా పోతుందని విస్తృతంగా చెప్పుకుంటారు. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. రెండూ కలిసిన వెంటనే ఒకదాన్నొకటి తటస్థం చేసుకుంటాయి. పొంగేది కార్బన్ డయాక్సైడ్, మిగిలేది సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీరు. విడివిడిగా వాడితే రెండూ పనికివస్తాయి, కలిపితే రెండూ వృథా.

అన్నిటికంటే ముఖ్యమైనది దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. బ్లీచింగ్ ద్రావణాన్ని టాయిలెట్ ఆసిడ్‌తో గానీ, వెనిగర్‌తో గానీ ఎన్నడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రవాలతో కలిపితే క్లోరమిన్లు పుడతాయి. కొన్ని అద్దాలు తుడిచే ద్రవాల్లో అమ్మోనియా ఉంటుంది. రెండు రకాల వాయువులూ ఊపిరితిత్తులను గాయపరుస్తాయి, మూసిన చిన్న బాత్‌రూమ్‌లో అయితే కొన్ని నిమిషాలు చాలు. ఒక గదిలో ఒక రోజున ఒకే రకం ద్రవం వాడండి. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. బ్లీచింగ్‌ను చన్నీళ్లలోనే, ఆ రోజుకు సరిపడేంతే కలుపుకోండి, మర్నాటికి దాని శక్తి తగ్గిపోతుంది. క్రిమిసంహారక ద్రవం ఏదైనా సరే, సీసా మీద ఎన్ని నిమిషాలు తడిగా ఉండాలో రాసి ఉంటుంది. కొన్నింటికి అది పది నిమిషాల వరకు ఉంటుంది. చల్లిన వెంటనే తుడిచేస్తే క్రిములు చావవు, వాసన మాత్రమే మిగులుతుంది.

ఒక చిన్న మాట కూడా చేర్చాలి. పెట్టెల్లో కలరా ఉండలు వేసే అలవాటు ఉంటే, పసిపిల్లల బట్టల దగ్గర నాఫ్తలీన్ ఉండలు పెట్టవద్దు. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకు ఆ బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉన్నది.


సమాధానం: అలలమెట్టు

మా అమ్మాయికి ఉబ్బసం ఉన్నది. కనుక దక్షిణపు కిటికీ గారు చెప్పిన “పొడి పని ముందు” అనే నియమంతో కొంతవరకు విభేదించక తప్పదు. పొడి చీపురుతోనో, ఈకల బ్రష్‌తోనో దులిపిన సన్నని ధూళి నేలకు దిగదు, గంటల తరబడి గాలిలో తేలుతుంది. మీరు గది కడిగి వెళ్లిన తరువాత నెమ్మదిగా అన్నిటి మీదా పడుతుంది. బూజు వరకు పొడిగా తీయండి, కాదనను. అలమరలు, బల్లలు, కిటికీ అంచులు మాత్రం మొదటినుంచే కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. ఆ గుడ్డను సగానికి, మళ్లీ సగానికి మడిస్తే ఎనిమిది శుభ్రమైన ముఖాలు వస్తాయి. ఒకటి మాసిన తరువాత తిప్పుకుంటూ పోతే బకెట్టు దగ్గరికి పదే పదే నడవనక్కరలేదు. ఆ గుడ్డలను ఉతికేటప్పుడు బట్టలను మెత్తబరిచే ద్రవం వేయకండి. అది గుడ్డ పోగుల మీద పొరలా పట్టి, ధూళిని పట్టుకునే గుణాన్ని పోగొడుతుంది.

దిండు గలేబులు, దుప్పట్లు బట్ట తట్టుకుంటే 60 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఉతకండి. పరుపుల్లో ఉండే ధూళిపురుగులు ఆ వేడికి చస్తాయి, చన్నీళ్లలో బతికే ఉంటాయి. వాక్యూమ్ యంత్రం కొనేవారు హెపా వడపోత ఉన్నదా అని చూసుకోవాలి. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని అది ఆపుతుంది. మామూలు సంచి ఉన్న యంత్రం ముందునుంచి పీల్చిన సన్నని ధూళిలో కొంత వెనుకనుంచి వదులుతుంది. శుభ్రం చేస్తున్న గదిలోకి మా అమ్మాయిని రెండు గంటల పాటు రానివ్వము.

మీది పాత ఇల్లు అన్నారు కనుక అటక విషయంలో ఒక హెచ్చరిక. అక్కడ ఎలుకల పెంటికలు కనబడితే చీపురుతో ఊడ్వకండి. వాటి ధూళి పీల్చడం వల్ల హాంటావైరస్ వంటి తీవ్రమైన జబ్బులు సోకవచ్చు. ముందు అరగంట సేపు గాలి ఆడనివ్వండి. చేతికి తొడుగులు వేసుకుని, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి, వాటి మీద తడిసేలా చల్లి, అయిదు నిమిషాలు ఆగి, కాగితంతో ఎత్తి మూట కట్టి పారవేయండి.

పిల్లల గురించి: ఏడేళ్ల పాపకు జతలేని మేజోళ్లు కలపడం, తన బొమ్మలను తడిగుడ్డతో తుడవడం, తలుపుల పిడులు తుడవడం అప్పగించండి. మీ అబ్బాయి కర్టెన్లు ఉంగరాల నుంచి తీయగలడు, పుస్తకాలు తుడవగలడు. పుస్తకాన్ని గట్టిగా మూసి పట్టుకుని, వీపు నుంచి బయటి అంచు వైపుకు మెత్తటి బ్రష్‌తో తుడవాలని మాత్రం చూపించండి, లేకపోతే ధూళి పుటల మధ్యకు దిగుతుంది. ద్రవాలు, నిచ్చెన ఇద్దరికీ ఇవ్వవద్దు.


సమాధానం: ఇనుప పెట్టె

మిగతావారు చెప్పిన దానికి నేను చేర్చేదేమీ లేదు. మీ మామగారి గది గురించి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా నాన్నగారు ఊళ్లో లేని రోజు చూసి, ఆయన పెట్టెలోని పాత రసీదులన్నీ నేను పారేశాను. ముప్పయ్యేళ్ల నాటి కరెంటు బిల్లులు, మూతపడిన బ్యాంకు ఖాతా పుస్తకాలు, అరిగిపోయిన పెన్నులు. ఇల్లు శుభ్రమైందని నాకు సంతోషమే కలిగింది. ఆయన తిరిగి వచ్చి పెట్టె మూత ఎత్తి, ఖాళీ అడుగును అరచేతితో ఒకసారి తడిమి, మూత వేసి, ఏమీ అనకుండా బయటికి వెళ్లి కూర్చున్నారు. ఆ రసీదుల మధ్య మా అమ్మ చేతిరాతతో ఉన్న ఇంటిఖర్చుల చీటీలు ఉన్నాయని నాకు తెలియదు. ఆయన వాటిని తీసి చదువుకునేవారట. అమ్మ చేతిరాత మా ఇంట్లో ఇప్పుడు ఇంకెక్కడా లేదు.

అందుచేత నా మనవి ఇది. ఆ గదిని మీ నాలుగు రోజుల లెక్కలో కలపకండి. ఈ వారం నుంచే రోజుకు ఒక్క పెట్టె చొప్పున, ఆయనను వెలుతురు బాగా ఉన్న చోట కుర్చీలో కూర్చోబెట్టి, పెట్టెను ఆయన చేతికి అందే ఎత్తున బల్ల మీద పెట్టండి. గంటకు మించి వద్దు. కాగితం మీరు చదివి వినిపించండి, ఉంచాలా వద్దా అన్నది ఆయనే చెప్పాలి. ఎటూ తేల్చుకోలేని వాటికి వేరే పెట్టె ఉంచి, తేదీ రాసి మూసేయండి. ఇంటి పత్రాలు, పెన్షను కాగితాలు, వైద్య నివేదికలు దొరికినప్పుడు అక్కడికక్కడే కవర్లలో వేసి పేరు రాయండి, తరువాత వెతుకులాట తప్పుతుంది. మా ఇంట్లో నేను అలా చేసి ఉంటే ఆయన సగం కాగితాలు తానే పారవేసేవారని ఇప్పుడు అనిపిస్తున్నది. గది శుభ్రం చేసే రోజున కూడా ఆయన అక్కడే ఉండనివ్వండి, ధూళి పని ఉన్నప్పుడు మాత్రం పక్క గదిలో.


ప్రశ్న అడిగినవారు: పాతమేడ

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇనుప పెట్టె గారూ, మీరు రాసినది మా వారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నిన్న సాయంత్రం మామగారితో కలిసి మొదటి పెట్టె తెరిచాము. గంటలో సగం కూడా ఖాళీ కాలేదు కాని, రెండు కట్టల పాత వారపత్రికలు ఆయనే తీసి “ఇవి పంపించేయమ్మా” అన్నారు.

మిగిలిన పనిని ఇలా పంచుకున్నాము. ఈ వారమంతా సాయంత్రాలు సొరుగులు వడపోస్తాము. మొదటి శనివారం ఉదయం ఇల్లంతటా బూజు, ఫ్యాన్లు, మధ్యాహ్నం పిల్లల గది. ఆదివారం మా గది, అత్తగారి అలమర. రెండో శనివారం పూర్తిగా వంటింటికి, ఎందుకంటే జిడ్డు నానడానికి వదిలిన వేళలోనే డబ్బాలు తుడుచుకోవచ్చు. చివరి రోజున బాత్‌రూమ్‌లు, హాలు, మెట్లు. అటకకు మరొక వారం చూస్తాము. నిన్న టార్చి వేసి చూస్తే పెంటికలు కనబడ్డాయి, కనుక అలలమెట్టు గారు చెప్పినట్టే చేస్తాము.

ఒక్క సందేహం మిగిలింది. ఫ్రిజ్‌ను, టీవీ బల్లను గోడనుంచి జరిపి వెనుక తుడవవచ్చునా? అక్కడి తీగల చిక్కు చూసి ఏటా వదిలేస్తున్నాము.


సమాధానం: దక్షిణపు కిటికీ

తప్పక జరపండి. టీవీ తీగలు ఊడదీసే ముందు ఏది ఎక్కడ గుచ్చి ఉన్నదో ఫోనుతో ఫొటో తీసుకుని, ఒక్కొక్క తీగకు చిన్న కాగితం చుట్టి పేరు రాయండి. మీ అబ్బాయికి ఈ పని నచ్చుతుంది. ప్లగ్గుల పెట్టెను పొడిగుడ్డతో మాత్రమే తుడవాలి, అదీ కరెంటు తీసిన తరువాతనే.

ఫ్రిజ్ విషయంలో ముందు ప్లగ్గు తీసి, ఇద్దరు కలిసి నేరుగా ముందుకు లాగండి, పక్కకు వంచకండి. వెనుక నల్లటి తీగచుట్ట కనబడితే దాని మీద పేరుకున్న ధూళిని మెత్తటి పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి తీయండి. లోపలి వేడి బయటికి పోయేది దాని గుండానే. ధూళి కప్పేస్తే యంత్రం ఎక్కువసేపు నడిచి కరెంటు ఎక్కువ కాలుతుంది. కొన్ని రకాల్లో ఈ చుట్ట వెనుక కాక అడుగున, జాలీ లోపల ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు గోడకు ఆనించకుండా, ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పినంత ఖాళీ వదలండి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలను సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు మూసి లాగి చూడండి. సులువుగా జారి వచ్చేస్తే ఆ రబ్బరు మార్చవలసిన వేళ వచ్చినట్టే.